అక్క కూర్చునే వైపు

తన అక్క పోయాక ఆ దర్జీ ఆవిడ ఏళ్ల తరబడి పియానో మూత తీయలేదు. ఇద్దరూ ఒకే బల్ల మీద కూర్చుని నాలుగు చేతులతో వాయించిన పాటలన్నీ మరుగున పడ్డాయి. ఈ రాత్రి మూత తీసింది. ఒక్క పాటైనా వేళ్లకు గుర్తు రాకపోతే, పియానోను బడికి ఇచ్చేద్దామనుకుంది.

"అత్తయ్యా, పాపం దాన్నీ కాస్త నిద్రపోనివ్వండి," అంది కోడలు పక్క గదిలోంచి.

"ఏళ్ల తరబడి నిద్రపోయింది లేమ్మా. నువ్వు పడుకో."

అలవాటు కొద్దీ కుడి పక్కకే ఒదిగి కూర్చుంది. స్వరం సాగేలా కింద పెడల్ తొక్కడం ఎప్పుడూ ఎడమవైపు కూర్చునే అక్క పనే. అందుకే ఈవిడ పాదాలు రెండూ బల్ల కిందికి ముడుచుకుని ఉన్నాయి. వేళ్లేమైనా కాకులా, పిలవగానే వచ్చి వాలడానికి? స్వరాలు ఎండుపుల్లల్లా విరిగిపడ్డాయి. మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి అవి ఒకదాన్నొకటి పట్టుకుని సాగాయి. బెదిరి చేతులు తీసేసింది. అయినా స్వరం ఆగలేదు, గదంతా పరుచుకుంది.

వంగి చూసింది. పెడల్ కిందికి నొక్కి ఉంది.

తన పాదాలు మాత్రం బల్ల కిందే ఉన్నాయి. ఆ మోతలోనే వేళ్లకు తర్వాతి వరస గుర్తొచ్చేసింది.

ఆవిడ ఇంకాస్త కుడికి జరిగింది.

"ఎప్పట్లా పరిగెత్తకే అక్కా," అంది మెల్లగా. "నేనింకా తడుముకుంటున్నా."

ఎడమ పక్కన బల్ల కిర్రుమంది.