పద్దెనిమిది సున్నాలు

అక్షరాస్యత సంస్థ ఆఫీసులో గౌతమి పరీక్ష కాగితాల కట్టను చెంగల్రాయలు వైపు జరిపింది. ఆయన పై కాగితం చూశాడు. సున్నా. దాని కిందది చూశాడు. సున్నా. లుంగీల కట్టను అడుగు దాకా పరీక్షించినట్టు ఒక్కొక్కటే తిరగేశాడు. పద్దెనిమిది కాగితాలు, పద్దెనిమిది సున్నాలు. పేరు రాయాల్సిన చోట వేలిముద్రలు.

"ఆరు నెలలమ్మా," అన్నాడు. "ఆరు నెలలు నా ముందుగది ఇచ్చినాను."

ఆయన తమిళనాడులోని గుడియాత్తంలో లుంగీల వ్యాపారి. మగ్గాల వీధి ఆడవాళ్ళకు తెలుగు చదవడం నేర్పుతాం, చోటు ఇవ్వమని వేలూరు సత్తువాచారిలోని ఈ సంస్థవాళ్ళు అడిగితే ఆలోచించే ఇచ్చాడు. ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా ఆ వీధిలో తెలుగు అక్షరం తెలిసినవాళ్ళు లేరు. తమిళ బడిలో చదివిన ఆయనకూ రాదు. ఊళ్ళో మంచి పేరు వస్తుంది. ఆరు నెలలకు పరీక్ష పెట్టి బడి మూసేస్తారు. దీపావళి సరుకుకు గది చేతికొస్తుంది. ఎటు చూసినా గిట్టే బేరమే. సగం మందికి పైగా పరీక్ష తప్పితే మరో ఆరు నెలలు సాగించాలన్న షరతును ఆయన లెక్కలోకే తీసుకోలేదు.

పక్క కుర్చీ అంచున తంగమ్మ కూర్చుంది. ఆడవాళ్ళు ఎన్నుకున్న బడి లీడరు ఆమె. మగ్గం దిగనివాళ్ళను చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది ఆమే. పరీక్షకు ముందురోజు మధ్యాహ్నమంతా తలుపు వేసి అందరినీ తయారు చేసిందీ ఆమే. రెండు నెలల కిందట ఇదే కుర్చీలో కూర్చుని, వెనక వీధిలో ఇంకా పన్నెండు మంది నేర్చుకుంటామంటున్నారు, వాళ్ళకూ ఒక బడి పెట్టమని బతిమాలింది. ఈ ఏడు కొత్త బడి కుదరదని, ఉన్న బడి సాగితే అందులో ఎవరైనా వచ్చి కూర్చోవచ్చని గౌతమి చెప్పింది.

"కాకి తెల్లగా ఉంటుందా అని అడిగినాము," అంది గౌతమి. "అవును, కాదు, ఏదో ఒకదాని మీద గీత పెట్టాల. ఇరవై ప్రశ్నలూ అట్లాంటివే. పక్కవాళ్ళది చూసి పెట్టకుండా ఒక్కో కాగితంలో ఒక్కో వరుసలో అచ్చు వేయించినాము. ఒక్కరికీ ఒక్కటన్నా రాలేదే తంగమ్మా."

"మట్టిబుర్రలమ్మా మావి. ఇంకో ఆరు నెలలు చెప్పండి."

ఆ గొంతులో సిగ్గు లేదు, వణుకు లేదు. చెంగల్రాయలుకు ఒళ్ళు మండింది. దీపావళి సరుకు యాడ పెట్టుకునేదని అడిగాడు. షరతు షరతే అంది గౌతమి. పొడిగింపు కాగితం మీద సంతకం పెట్టి ఇచ్చింది. తంగమ్మ దాన్ని నాలుగు మడతలు పెట్టి సంచిలో దాచుకుని లేచింది.

"బస్సుకు టైమాయె, రా నాయనా."

ఆయన లేవలేదు. బల్ల మీద మిగిలిన ఖాళీ ప్రశ్నపత్రాన్ని లాక్కున్నాడు.

"నాకూ ఒక్క అక్షరం రాదు కదా. నేనెంత మట్టిబుర్రనో చూస్తాం ఉండు," అంటూ పైనుంచి కిందికి చేతికొచ్చినట్టు గీతలు కొట్టి ఇచ్చాడు.

గౌతమి దిద్దుతూ దిద్దుతూ నవ్వేసింది. "పదకొండు కరెక్టు అప్పా."

"చూస్తివా తంగమ్మా. చదవడం రానోణ్ణి, గుడ్డిగా కొట్టినా పదకొండు వచ్చినాయి. మీ పద్దెనిమిది మందికీ కలిపి..."

మాట అక్కడే ఆగిపోయింది. నలభై ఏళ్ళు లెక్కల్లో నలిగిన బుర్ర ఆయనది. మళ్ళీ కట్ట అందుకున్నాడు. ఏ కాగితంలోనూ ఒక్క ప్రశ్న వదల్లేదు, అన్నిటికీ గీతలున్నాయి. తలెత్తేసరికి తంగమ్మ గుమ్మం దగ్గర నిలబడి, ఆయన కళ్ళలోకి చూడకుండా కొంగు సర్దుకుంటోంది.

ఇరవైకి ఇరవై తప్పు పెట్టాలంటే ఇరవయ్యీ చదవగలగాలి.