చాయిస్‌లో వదిలేసిన పాఠం

"ఈ గడియారం మా చెల్లికి ఇచ్చేయండి, టీచర్. నాన్నకి మాత్రం చెప్పకండి," అంది తొమ్మిదో తరగతి పిల్ల, స్టాఫ్‌రూమ్ గుమ్మంలో నిలబడి.

"ఏమైందే?"

"అమ్మ పోయిన జబ్బే నాకూ వచ్చింది. అమ్మకీ ఇలాగే రక్తం పోయేది. మొన్నట్నించీ ఆగట్లేదు."

సైన్సు టీచరు ఆమెను గబగబా లోపలికి పిలిచింది. నాలుగు మాటలు అడిగేసరికి సంగతి తెలిసిపోయింది. పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని, అది జబ్బు కాదనీ, ఈ వయసులో ఆడపిల్లలందరికీ మొదలయ్యేదేననీ విడమరిచి చెప్పింది. మొన్నామధ్య మగపిల్లలు కిసుక్కుమన్నారని, "ఇది చాయిస్‌లో వదిలేయండి" అంటూ క్లాసులో తను పేజీలు తిప్పేసిన పాఠమే అది.

పిల్లకు ప్రాణం లేచొచ్చింది. గడియారం మళ్లీ చేతికి పెట్టుకోబోతూ ఆగింది.

"ఇదంతా మీకు ముందే తెలుసా, టీచర్?"