ఊగే ఇల్లు

"పదవే, మెట్లు దిగిపోదాం," అంటూ అత్తగారు మనవరాలిని భుజాన వేసుకుని, ఇరవయ్యో అంతస్తులో ఇంటి గుమ్మం దాటబోయింది. గాలివానకి భవనం ఊగుతోంది. బకెట్లో నీళ్లు అటూ ఇటూ తొణుకుతున్నాయి. పళ్లొస్తున్న పిల్ల గాలితో పోటీపడి ఏడుస్తోంది.

కోడలు తలుపుకి అడ్డం నిలబడింది. ఈ భవనానికి ఉక్కు దూలాలు బిగించినవాళ్లలో ఆమె కూడా ఉంది.

"అత్తయ్యా, కిందికెళ్తే రేకులెగిరొచ్చి మీద పడతాయి. ఇది పడదు. గాలి తోస్తే ఉక్కు కాస్త వంగుతుంది, వదిలితే లేస్తుంది. బిర్రబిగుసుకుపోతేనే ప్రమాదం."

"బిగించింది నువ్వే కదా, అదే నా భయం. ఉప్పు డబ్బా మూత ఏనాడైనా సరిగ్గా పెట్టావా?"

"మూతలకి మీరున్నారన్న ధీమా. బోల్టులకి నేనేగా దిక్కు."

ఇల్లు మళ్లీ అటు ఒరిగి ఇటొచ్చింది. అత్తగారు గుమ్మం పట్టుకుని కళ్లు మూసుకుంది. తెరిచేసరికి భుజం మీద ఏడుపు లేదు. వారం రోజులుగా ఎంత ఊపినా రెప్ప వేయని పిల్ల, నోట్లో వేలు పెట్టుకుని ఆదమరిచి నిద్రపోతోంది.

అత్తగారు చప్పుడు కాకుండా తలుపు మూసి, కుర్చీలో చేరగిలబడింది.

"ఏమే," అంది గుసగుసగా, "ఇంకాస్త వదులుగా బిగించలేకపోయావా?"