కొట్టేసిన పేరు

“ఈ పేరు కొట్టేశారేంటండీ?” క్లబ్ సెక్రటరీ కళ్ళజోడు పైకి తోసుకుని కాగితాన్ని వెలుతురులోకి తిప్పాడు.

“కోచ్‌ని నేను. జాబితా నాది,” అంది ఆమె. కూర్చోమన్నా కూర్చోలేదు. బాధ్యత తీసుకుని వారం కూడా కాలేదు. ఈలోగా ఆ కాగితాన్ని ఎన్నిసార్లు రాసి చింపిందో లెక్కలేదు.

“పదహారేళ్ళు గోల్ ముందు గోడలా నిలబడ్డ మనిషి! రేపు హ్యాండ్‌బాల్ ఫైనల్. జనం వచ్చేదే ఆ ఆట చూడ్డానికి.”

“కుడి భుజం పైకి లేవట్లేదు. సెమీఫైనల్లో ఆరు గోల్స్ అటువైపే పడ్డాయి.”

“ఓ సూది వేయిస్తే సరి. ఈ ఒక్కటీ అయ్యాక ఘనంగా వీడ్కోలు సభ పెడదాం.”

“సూదికి నొప్పి పోతుంది. వయసు పోతుందా?”

సెక్రటరీ గొంతు తగ్గించాడు. “బెంచీ మీద ఊరికే కూర్చోగలరా చెప్పండి? చేతులు ఊరుకుంటాయా?”

“అలవాటవుతుంది.”

“ఏడుపొస్తుందండీ ఎవరికైనా.”

“రానివ్వండి.”

“మీది గుండె కాదు, బండ,” అంటూ ఆయన సంతకం పెట్టాడు.

ఆమె హాలు తలుపు దాకా వెళ్ళి ఆగింది. వెనక్కొచ్చి కుళాయి దగ్గర దాహం లేకపోయినా నీళ్ళు తాగింది. వరండాలో ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచింది. ఇప్పుడైనా ఆ పేరు మళ్ళీ రాసేస్తే కాదనేవాళ్ళెవరూ లేరు. జేబులోంచి పెన్ను తీసింది. మూత కూడా తీసింది. ఒక్క క్షణం ఆగి, గట్టిగా మూత పెట్టేసి తలుపు తోసింది.

లోపల అమ్మాయిలంతా వరసలో నిలబడ్డారు. పొడుగు కాళ్ళ వల్ల అందరూ ‘కొంగ’ అని పిలిచే అమ్మాయి మాత్రం బంతులు సంచిలో సర్దుతోంది. మూడేళ్ళుగా ఆ పిల్ల రెండో కీపర్. అంటే బెంచీ మీదే.

కోచ్ జాబితా గబగబా చదివింది.

“గోల్‌కీపర్... కొంగ.”

ఆ పిల్ల వెనక్కి తిరిగి చూసింది, ఇంకెవరినో పిలిచినట్టు. “నేనా?”

“నువ్వే. షూటర్ కళ్ళు చూడకు, మోసం చేస్తాయి. మోచెయ్యి చూడు.”

సంచి జారి బంతులు నేలంతా దొర్లాయి. ఎవరూ ఏరలేదు. కొంగ ఆమె ముఖంలోకే చూస్తూ అడిగింది.

“మరి మీరు ఆడరా అక్కా?”