కొలత ముక్క

శ్రీదుర్గ చేతిలోంచి కొలత ముక్క జారి గచ్చు మీద పడింది. మధ్యలో ఉన్న సన్నటి పిన్ను వంగిపోయింది.

గోరంత ఇత్తడి ముక్క. రోజూ పొద్దున్నే దాన్ని నెట్‌వర్క్ ఎనలైజర్‌కి బిగించి, సరైనదంటే ఎలా ఉంటుందో మెషిన్‌కి నేర్పాలి. తర్వాతే కంపెనీలో తయారైన టెర్మినేషన్లను, అంటే కేబుల్ చివర బిగించే ముక్కల్ని, పరీక్షించాలి. అవి వేటకెళ్లే బోట్ల వైర్‌లెస్ సెట్లలోకి వెళతాయి.

చుట్టూ చూసింది. ఎవరూ లేరు. ట్రేలోంచి తమ కంపెనీ ముక్కనే ఒకటి తీసి బిగించింది.

తమ ముక్కనే సరైనదనుకున్న మెషిన్, ఆ రోజు నుంచి ఒక్కదాన్నీ ఫెయిల్ చేయలేదు.

నాలుగోరోజు భయం ఆపుకోలేక, ఈమధ్యే ప్యాకింగులో చేరిన సత్తియ్యకు చెప్పేసింది.

"ఎవరితోనూ అనకండి బాబాయ్. ఈ నెలలో పర్మనెంట్ చేస్తామన్నారు. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది నేనొక్కదాన్నేనండి."

"నువ్వే సార్‌కి చెప్పేయమ్మా."

"చెప్తే ఉంచుతారేంటి? మీకేంటండి, పెట్టెలకి టేపు అంటించుకుంటారు!"

సత్తియ్య నవ్వాడు. "సర్లే, ముందు ఈ కాజా తిను."

ఆ మాటనే ఒట్టనుకుంది శ్రీదుర్గ.

మర్నాడు ఓనర్ ఉదయభాస్కర్ పెట్టెలన్నీ విప్పించి కూర్చున్నారు.

"సత్తియ్య చెప్పబట్టి సరిపోయింది, లేకపోతే ఈపాటికి లారీ ఎక్కేసేవి. ఎనిమిది వందలూ మళ్లీ చూడాలి. పర్మనెంట్ మాట ఇప్పుడెత్తకు."

శ్రీదుర్గకు ఒళ్లు మండిపోయింది. తిన్నగా ప్యాకింగులోకి వెళ్లింది.

"కాజా పెట్టి మాట లాగారా? మీ కూతురైతే ఇలాగే చేసేవారా?"

"ఇలాగే చేసేవాణ్ణమ్మా."

"ఈయనుంటే రేపట్నుంచి నేను రానండీ!" అని ఓనర్‌కి వినబడేలా అరిచింది.

ఎవరూ పొమ్మనకముందే సత్తియ్య సంచి భుజాన వేసుకుని సొంతూరు మండపేట బస్సెక్కేశాడు.

హైదరాబాద్ నుంచి కొత్త కొలత ముక్క వచ్చింది. ఎనిమిది వందల్లో నూట పదకొండు ఫెయిల్. ఆ ట్రేని శ్రీదుర్గ రెండుసార్లు లెక్కపెట్టింది.

"బాబాయ్‌ని పిలవండి సార్. కాళ్లు పట్టుకుంటాను."

"ఫోనెత్తట్లేదమ్మా."

"ప్యాకింగాయనకి ఈ ముక్క సంగతి ఎలా తెలుసండి? అంత పట్టింపేంటండి?"

ఉదయభాస్కర్ ఫెయిలైన ట్రేని పక్కకి జరిపారు.

"పదకొండేళ్ల కిందట ఇలాగే ముక్క వంగితే దాచేశారు. మన పాడు ముక్క ఉన్న సెట్టుతో ఓ బోటు వేటకెళ్లింది. తుఫానులో వాళ్లెంత పిలిచినా ఒడ్డుకి వినపడలేదు."

"దాచిందెవరండి?"

"అప్పట్లో నీ కుర్చీలో కూర్చున్న ఇంజనీరే, సత్తియ్య."