గోతి మీద రేకు

అది మే పద్దెనిమిది, శనివారం. ఆ సాయంత్రం హాడక్ కోవ్ అనే రేవు ఊరి చర్చి హాల్లో చిక్కుడు గింజల విందు. పక్కన ఆవిరి మీద ఉడికిన నల్ల రొట్టె, ఎర్ర సాసేజీలు. లాయరు హేజెల్‌కి ఆ రుచి, ఆ తేదీ రెండూ ఇప్పటికీ గుర్తే.

గింజలు వండింది ఆల్మా. పొయ్యి మీద కాదు. ముందురోజు సాయంత్రమే పెరట్లో గొయ్యి తవ్వి, నిప్పులు పోసి, ఇనపకుండ దించి, మన్ను కప్పి, పైన రేకు వేసింది. రాత్రంతా భూమే వండిపెట్టింది.

ఎవరో కొత్త మనిషి మూడోసారి ప్లేటు చాపాడు. బూట్ల నిండా ఎండిన బురద. వేళ్ళ కణుపులు గీరుకుపోయి ఉన్నాయి.

"ఏవయ్యా, మీ ఊళ్ళో గింజలు పండవా?" అంది ఆల్మా.

"నిన్న మధ్యాహ్నం నుంచి ఏం తినలేదమ్మా."

"అందుకని ఊరందరి వాటా తినేస్తావా? వెనక చూడు, ఎంతమంది ఉన్నారో!"

గరిటె వెనక్కి లాక్కుంది. వరసలో అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు.

"రాత్రి అంత వాన పడినా కుండలోకి చుక్క దిగలేదే!"

"గాలికి రేకు లేచిపోయిందయ్యా. ఎవరో పుణ్యాత్ముడు తెచ్చి కప్పి, నాలుగు బండరాళ్ళు పెట్టి పోయాడు. పక్కింటి వార్డ్‌వెల్ అయ్యుంటాడు. చెప్పకుండా చేసే రకం."

"అయ్యుంటాడు" అని అతను వెళ్ళిపోయాడు.

సోమవారం పొద్దున్నే ఆల్మా పరుగు పరుగున హేజెల్ దగ్గరికి వచ్చింది. చెల్లెలి కొడుకు కోల్బీ పట్టుబడ్డాడు. కేంద్ర ప్రభుత్వం వాళ్ళ కేసు. ఆ నేరం దాచిపెట్టిందని ఆల్మా మీద కూడా పెట్టారు.

"అత్తా, నిజం చెప్పు. వాడు మలుగు చేప పిల్లల్ని దొంగతనంగా పట్టి అమ్ముతున్నాడని నీకు తెలుసా?"

"తెలుసు. చీపురు తిరగేసి కొట్టాను కూడా."

"కొట్టిన సంగతి కోర్టులో అనకు. ఎవరికైనా చెప్పావా?"

"చెల్లెలి కొడుకు మీద చాడీలు చెప్పనా?"

"చెప్పకపోతే ఏం కాదు. తెలిసి నోరు మూసుకోవడం నేరం కాదు. తెలిసి దాచిపెట్టడం నేరం. శుక్రవారం నువ్వు పెరట్లో ఏదో పూడ్చడం వాళ్ళ మనిషి కళ్ళారా చూశాడట. మర్నాడు తవ్వితే గొయ్యి ఖాళీ. కోల్బీ సరుకు అక్కడే దాచావంటున్నారు. మూడేళ్ళ దాకా జైలు పడొచ్చు."

ఆల్మా పకపకా నవ్వింది. హేజెల్ నవ్వకపోయేసరికి ఆగిపోయింది.

"గింజలకి మూడేళ్ళా?"

"అవి గింజలేనని సాక్ష్యం కావాలి."

"ఊరంతా తిన్నదిగా!"

"ఊరంతా నీ చుట్టాలే. నాతో సహా. బయటివాడు ఒక్కడైనా ఉన్నాడా?"

ఆల్మా నెత్తి కొట్టుకుంది.

"ఒక్కడున్నాడే. వాడికే మూడో ప్లేటు ఎగ్గొట్టాను."

ఇద్దరూ వెతకని చోటు లేదు. సత్రంలో అడిగారు, పెట్రోలు బంకులో అడిగారు, పడవల రేవులో అడిగారు. అతని పేరైనా ఎవరికీ తెలియదు.

విచారణ రోజు వచ్చింది. ప్రభుత్వ లాయరు లండ్‌క్విస్ట్ ఎడారి రాష్ట్రం నుంచి కొత్తగా వచ్చిన కుర్రాడు.

"అమ్మగారూ, తినే తిండిని ఎవరైనా మట్టిలో పాతిపెడతారా?" అన్నాడు.

"మా అమ్మ పెట్టేది" అంది జడ్జి, కళ్ళద్దాలు తుడుచుకుంటూ. "కానివ్వండి."

ఆ శుక్రవారం రాత్రంతా రోడ్డు మీద కారులో కూర్చుని ఆల్మా ఇంటిని కనిపెట్టి చూసిన అధికారిని పిలిచారు.

తలుపు తెరుచుకుంది. ఆల్మా హేజెల్ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"మూడో ప్లేటు!"

"గోతిలోంచి తీసినదాన్ని ఎక్కడికి చేర్చింది?" అని అడిగాడు లండ్‌క్విస్ట్.

"చర్చికండీ. వెనకే వెళ్ళాను."

"అందులో ఏముంది?"

"చిక్కుడు గింజలు."

"మీకెలా తెలుసు?"

"రెండు ప్లేట్లు తిన్నాను. మూడోది పెట్టలేదు."

కోర్టంతా గొల్లున నవ్వింది.

"ఈ మాట ముందే చెప్పాలి కదా!"

"చెప్పానండీ. గోతిలో వంటేమిటని మీవాళ్ళే నవ్వారు."

జడ్జి ముందుకు వంగింది. "గింజల్లో బెల్లప్పాకం ఎప్పుడు పోస్తావు, ఆల్మా? ఉండు, ఉండు. ముందు కేసు కొట్టేయనీ."

కొట్టేసింది కూడా.

ఆల్మా వరండాలోకి పరిగెత్తింది. అతను అప్పటికే వెళ్ళిపోయాడు. ఎక్కడో పడమటి సరిహద్దుకి బదిలీ అట, ఆ మధ్యాహ్నమే ప్రయాణమట.

"ఇంకొక్క గరిటె అయినా పెట్టలేకపోయానే!" అంది కారులో దారి పొడుగునా.

ఆ శనివారం మళ్ళీ వండింది. పొద్దు వాలుతుండగా ఒక గిన్నె నింపుకుని, హేజెల్‌ని వెంటబెట్టుకుని పక్కింటికి వెళ్ళింది.

"తీసుకో, వార్డ్‌వెల్. ఆ వానలో నా రేకు మీద రాళ్ళు పెట్టినందుకు."

"ఏ రాళ్ళే? ఎవరికీ చెప్పకుండా మోకాలి ఆపరేషన్ చేయించుకుని ఆ వారమంతా ఆస్పత్రి మంచం మీద ఉన్నాను!" అన్నాడు ముసలాయన. వెంటనే గిన్నె మూత తీసి వాసన చూశాడు. "రాళ్ళ సంగతి నాకు తెలీదు గానీ, గిన్నె మాత్రం ఇక్కడ పెట్టి వెళ్ళు."

ఇద్దరూ ఇంటికి నడిచి వచ్చారు. గీరుకుపోయిన ఆ వేళ్ళు హేజెల్‌కి గుర్తొచ్చాయి.

ఆల్మా గుమ్మంలో నిలబడి, ఆ రాత్రి కారు ఆగి ఉన్న చోటు వైపు చాలాసేపు చూసింది. "నన్ను పట్టుకోవడానికి వచ్చినవాడేనే నా కుండకి కాపలా కాసింది!" అంటూ, అక్కడ ఇంకా ఎవరో కూర్చుని ఉన్నట్టు, చప్పుడు కాకుండా తలుపు వేసింది.