ముప్పై ఏడు పట్టీలు

గెడ్డవలసలో ముప్పై ఏడుగురి గుండెలు ఒకేసారి లయ తప్పుతున్నాయని ఆరోగ్య కేంద్రం తెరమీద చూడగానే ఫిజీషియన్ అసిస్టెంట్ హేమలత కుర్చీలోంచి లేచింది. పదకొండు కొండ ఊళ్లకు వైద్యమంటే ఆమె ఒక్కతే. మందుల సంచీ భుజాన వేసుకుని గెడ్డ వాగు దాటి, గంటలో అక్కడికి చేరింది.

జనమంతా నవ్వుకుంటూ వరినాట్లు వేస్తున్నారు. గుండె కొట్టుకునే తీరును కేంద్రానికి పంపే పట్టీ ఒక్కరి చేతికీ లేదు.

"పట్టీలేవీ?"

"బురదలో దురదెడతన్నాయమ్మా. బుద్రు తాతకిచ్చినాం," అంది నారు అందిస్తున్న కొర్రా సుక్రి.

అయితే జబ్బుపడింది ఒకే ఒక్క గుండె. హేమలత పరుగందుకుంది.

బుద్రు అరుగుమీద ఒరిగి ఆయాసపడుతున్నాడు. చేతులకీ కాళ్లకీ వరసగా పట్టీలే. ఆమె సూదిమందు ఎక్కించి, అతని పెదవుల నీలిరంగు పోయేదాకా పక్కనుంచి కదల్లేదు.

"ఎందుకిలా చేశావు తాతా?"

"నానే సేసినానమ్మా. పట్టీలు ఊరికే పడుంటే ఊల్లో మనుసుల్లేరని పట్టీల లెక్క సూసే మిసను నిన్ను ఇంకోసోటికి పంపేస్తాదంట. దడ నాకు నెల్లాల్నుంచీ వస్తా పోతా ఉంది. సెప్తే పట్నం తోలేస్తావు. మరియ్యన్నీ ఎవులు కట్టుకుంటారని సెప్పలేదు."